తాడుకి ఇవతల

"మాస్టారూ, రోబో కదలట్లేదండి!"

కార్తీక్ కేకకి సురేంద్ర మాస్టారు కంగారు పడలేదు. ఎందుకు పడతారు? నిన్న సాయంత్రం ల్యాబుకి తాళం వేసేముందు బ్యాటరీ దగ్గర ఎర్ర వైరు పీకేసింది ఆయనే.

రేపు రాజమండ్రిలో హైస్కూళ్ళ పోటీ. కడియం నర్సరీల్లో కూలీలు చేసినట్టే వీళ్ళ రోబో మొక్క కవరు ఎత్తి, మట్టి ఒలకకుండా వరసలో పెట్టాలి. బరిలో పిల్లలే ఉండాలి, మాస్టార్లు తాడుకి ఇవతలే నిలబడాలి. అక్కడ రోబో మొరాయిస్తే కెప్టెన్ వెంకటదుర్గ ఏం చేస్తుందన్నదే ఆయన బెంగ. నోట్లో నాలుక లేని పిల్ల మరి!

ఆయన గదికి అడ్డంగా తాడు కట్టారు. "నేను ఇటే ఉంటాను. పావుగంట టైము. ఈలోగా రోబో కదలకపోతే, దుర్గా, నీ కెప్టెన్ బ్యాడ్జి కార్తీక్‌కి ఇచ్చెయ్యాలమ్మా."

"అలాగేనండి," అంది దుర్గ. స్టూలు లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

కార్తీక్ అప్పటికే నాలుగు వైర్లు లాగేశాడు. "అవి కాదురా!" అంటూ జట్టులో మూడో పిల్ల హారతి ఏడుపు మొహం పెట్టింది.

"ఏంటి దుర్గా, మేస్త్రమ్మలా కూర్చున్నావు? ఓ చెయ్యి వెయ్యొచ్చు కదా!" విసుక్కున్నాడు కార్తీక్.

"మా అమ్మ మేస్త్రే కదరా," నవ్వింది దుర్గ. "లారీకి మొక్కలెత్తేటప్పుడు అమ్మ కూడా మోస్తూ కూర్చుంటే వరస ఎవరు చూస్తారు? ముందు లాగినవన్నీ పెట్టెయ్. బ్యాటరీ దగ్గర మొదలెట్టి ఒక్కోటీ మీటరుతో చూడు. చూసింది గట్టిగా చెప్పు. హారతీ, నువ్వు రాసుకో."

మాస్టారికి ముచ్చటేసింది. ఇంకేం, రెండు నిమిషాల్లో దొరికిపోతుంది అనుకున్నారు.

"బ్యాటరీ బాగుంది," అన్నాడు కార్తీక్. "ఎర్ర వైరు బాగుంది."

మాస్టారు తాడు దగ్గరికి జరిగారు. తను పీకిన వైరు బాగుండడమేంటి? మరి రోబో ఎందుకు ఆగినట్టు? నిజంగానే ఏదైనా కాలిపోయిందా? తన అతితెలివిని తనే తిట్టుకుంటూ తాడు కిందనుంచి దూరబోయారు.

"మాస్టారూ, తాడండి!" అంది దుర్గ.

ఆయన వంగినవారు వంగినట్టే వెనక్కి వచ్చేశారు.

పది నిమిషాలైంది. కార్తీక్ దుర్గ వైపు తిరిగాడు. "నావల్ల కాదు, నువ్వు చూడు" అని మీటరు చాపాడు. దుర్గ అందుకోలేదు.

"నీవల్ల అవుతుందిరా. హారతి రాసింది చదువుతుంది, ఇంకా చూడనిదేంటో నువ్వే చెప్పు."

హారతి చదివింది. సగంలోనే ఇద్దరూ "స్విచ్చి!" అని అరిచారు. స్విచ్చి కింద టేపు విప్పితే వైరు ఊడి ఉంది. పైకి అతుక్కున్నట్టే కనబడుతోంది. గబగబా సోల్డరింగు చేశారు. రోబో జుయ్‌మంటూ కదిలి, మొక్క ఎత్తి, చిటికెడు మట్టి రాల్చకుండా వరసలో పెట్టింది. ఇంకా ఒక నిమిషం మిగిలే ఉంది.

"రేపు ఏది ఆగినా మేం చూసుకుంటామండి మాస్టారూ!" కార్తీక్ ఎగిరి గంతేశాడు.

మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఇంత పిల్లకి ఎంత నిబ్బరం! తాడు విప్పుతూ దుర్గని పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"నీ దగ్గర దాచడమెందుకమ్మా, నిన్న ఆ ఎర్ర వైరు పీకింది నేనే. అదెలా బాగుందో మాత్రం అంతుబట్టట్లేదు."

"పొద్దున్నే ప్యూనుతో తాళం తీయించి నేనే పెట్టేశానండి," అంది దుర్గ. "అదైతే వీళ్ళకి చూడగానే దొరికేస్తుందండి. అందుకని స్విచ్చి కింద వైరు పీకానండి."