పసుపు నీళ్ళు

"నిన్న పిల్ల కట్టుకున్న చీర ఏది?" తిరుత్తణి ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"కాల్చేసినానమ్మా," అంది రాజామణి. "అట్లాంటి గుడ్డ ఇంట్లో పెట్టుకోకూడదు కదా. పిల్లను పసుపు నీళ్ళు కూడా పోసుకోమన్నాను. నిన్నటి నుంచి అన్నమే ముట్టలేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "సాక్ష్యమంతా కడిగి, కాల్చి వచ్చినారు. ఇంక కోర్టుకు నేనేం పంపేది?"

"కోర్టు వద్దమ్మా. పిల్లను పాడు చేసినోడు మా మగ్గానికి నూలిచ్చే సావుకారి కొడుకు. మందిచ్చి పంపండి, చాలు."

బల్ల మీద పిడికిళ్ళు బిగించి కూర్చున్న ఇరవై ఏళ్ళ కాంచన అప్పుడు తలెత్తింది.

"నువ్వు కాల్చింది నా పాత చీరమ్మా. చూడకుండానే మంటలో వేసినావు. నిన్నటి చీర మగ్గం కింది గుంతలో దాచిపెట్టినాను."

రాజామణి బిత్తరపోయింది. "నీళ్ళు పోసుకుంటివి కదే! తడిక బయట నిలబడి విన్నాను."

"తల తడుపుకొని, తక్కిందంతా నేల మీద పోసినాను. నీకు వినపడాలనే."

కాంచన పిడికిళ్ళు విప్పి డాక్టరమ్మ ముందు చాచింది. గోళ్ళ కింద నెత్తురు ఎండి నల్లబడి ఉంది.

"వాడి మెడ గీరినాను. ఇది వాడి నెత్తురు. అన్నం కలిపితే యాడ పోతుందో అని పస్తున్నాను. తీసుకోండి, వాడిని వదలొద్దు."

రాజామణి ఆ చేతుల వైపు చూసింది. లేచి కొంగు నడుముకు బిగించింది.

"గుంతలో ఏ పక్క పెట్టినావే?" అంది.