ఏకగ్రీవం పాట

"ఈసారి ఆ పరంజ్యోతిగాడిని ఒగ్గను," అన్నాడు ఎర్రన్న, ఉతికిన చొక్కా తొడుక్కుంటూ. "పోయిన పాటలో నన్ను నిలువునా ముంచీసినాడు. ఊరంతా సూసి నవ్వినారు."

అతని భార్య తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఐదేళ్లయిపోనాది గదా, ఇంకా ఏటి ఆ పగ? మనకి ఉన్నవి రెండెకరాలు. పాటలో నెగ్గితే అవి అమ్మాల. అమ్మీసి ఏటి తింటాం, సర్పంచ్ కుర్సీ తింటామా?"

"తప్పుకోయే," అన్నాడు ఎర్రన్న.

గరివిడికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో సర్పంచ్ ఎన్నిక జరగదు. పాట జరుగుతుంది. ఎవరు ఎక్కువకి పాడితే వాళ్లదే పదవి. పదవిని వేలం వెయ్యడం నేరం కనుక దాన్ని ఏకగ్రీవం అంటారు. పాట సొమ్ములో సగం రామమందిరానికి, సగం చర్చికి. ఊళ్లో బాకీల్లేని ఖాతాలు ఆ రెండే.

పంచాయతీ సంగతి వేరు. చట్టం దానికి ఇరవైతొమ్మిది అధికారాలు రాసిచ్చింది. వీధిలైటుకి బల్బు కొనే డబ్బు రాసివ్వడం మాత్రం మర్చిపోయింది. పైనుంచి గ్రాంటు పడిందని పొద్దున్న సర్పంచ్ ఫోనుకి మెసేజీ వస్తుంది. పాత కరెంటు బాకీ కింద మినహాయించుకున్నామని మధ్యాహ్నం ఇంకోటి వస్తుంది. ఆ రెండు మెసేజీల నడుమ ఉన్నంతసేపే ఊరికి స్వపరిపాలన. ఏకగ్రీవమైన ఊళ్లకి ఇస్తామన్న నజరానా కూడా ఉంది. పోయినసారిది ఇంకా దారిలోనే ఉందట.

బడి వరండాలో జనం చేరారు. ఊరిపెద్ద అప్పలసూరి కుర్చీలో కూర్చుని, "లక్షతో మొదలెడతన్నాను," అన్నాడు.

"రెండు," అన్నాడు ఎర్రన్న, ఇంకెవరూ నోరు తెరవకముందే.

పరంజ్యోతి ఊరికే చూసి పోదామని వచ్చినవాడు. గరివిడి ఫ్యాక్టరీలో రిటైరై, వచ్చిన డబ్బు బ్యాంకులో వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో తిరుగుతున్నాడు. ఆ మాట విని బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"రెండుంపావు."

"మూడు," అన్నాడు ఎర్రన్న.

"ఎవులు పాడితే నాకేటి," అంది చీపుళ్లు కట్టే గున్నమ్మ. "నీళ్ల మోటరు కాలిపోతే ఇంట్లో డబ్బు తీసి బాగుసేసీవోడే నాకు సర్పంచి."

పరంజ్యోతి ఎర్రన్న వైపుకి ఒంగాడు. "బావా, ఏటుందేటి ఆ కుర్సీలో?"

"ఏటీ నేదు. నా మాటిని నువ్వు మానీ."

"ఏటీ నేకపోతే నువ్వెందుకు పాడతన్నావు?"

"ఊరికి సేవ సెయ్యాలనున్నాది."

ఆ మాటతో పరంజ్యోతికున్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఆ ఊళ్లో సేవ అన్నవాళ్లెవరూ ఊరికే అనలేదు. అతను వేళ్ల మీద లెక్క కట్టాడు. ఇరవైతొమ్మిది అధికారాలు. ఒక్కోదానికి ఏడాదికి ఐదువేలు రాలినా, ఐదేళ్లకి ఏడు లక్షలు దాటుతుంది.

"మూడున్నర," అన్నాడు.

"నాలుగు."

"నాలుగున్నర."

"ఐదు," అన్నాడు ఎర్రన్న.

వెనక నిలబడ్డ తవిటమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నేల మీద కూలబడింది. రెండెకరాలకీ ఆ ఊళ్లో ఎవరూ అంతకంటే ఇవ్వరు.

"ఐదు లక్షలు, ఒకటోసారి," అన్నాడు అప్పలసూరి.

పరంజ్యోతి మళ్లీ వేళ్లు లెక్కపెట్టుకున్నాడు.

"ఐదు లక్షలు, రెండోసారి."

ఎర్రన్న మెడ మీద చెమట కారింది. తుడుచుకోలేదు. పరంజ్యోతి వైపు చూడనూ లేదు.

"ఐదుంపావు," అంటూ లేచాడు పరంజ్యోతి.

ఎర్రన్న తలొంచుకున్నాడు. "సాలు. ఇంక నా వల్ల కాదు."

దండ వేశారు, డప్పు కొట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు, పూజారి గారు అక్షింతలు చల్లారు. రసీదు మాత్రం ఇద్దరూ ఇవ్వలేదు. పరంజ్యోతి దండతోనే వచ్చి ఎర్రన్న చెయ్యి పట్టుకున్నాడు.

"బాధపడకు బావా."

"నా రాత అలాగున్నాది, ఏటి సేస్తాం," అన్నాడు ఎర్రన్న. ఊరంతా జాలిపడింది.

ఇంటిదారిలో తవిటమ్మ అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఐదుకాడ ఆడు ఒగ్గీసుంటే మన బతుకేటి? మొదట్లోనే నోరు మూసుకుంటే పోయేది గదా."

"నాను నోరు మూసుకుంటే ఆడికి అనుమానం రాదేటే," అన్నాడు ఎర్రన్న. "పోయిన పాటలో ఆడూ ఇలాగే పెంచీసి నా నెత్తిన ఒగ్గీసినాడు."

పోయిన ఐదేళ్లూ ఆ ఊరికి సర్పంచ్‌గా ఉండి ఎర్రన్న పోగొట్టుకున్నది ఎకరం ముప్ఫై సెంట్లు.