దసరా మర్నాటి వాన

చిలకలూరిపేట పత్తిమిల్లులో, ఏళ్ళతరబడి ఆగని లినక్సు కంప్యూటరును ఈసారి ఆయుధపూజకని ఆపి, బొట్టుపెట్టి, బంతిపూల దండ వేశారు.

దసరా మర్నాడు మళ్ళీ వేస్తే ఏం చోద్యమో, కాటా దగ్గరి కంప్యూటరుకు అందులోని ఫైళ్ళు కనబడటం మానేశాయి.

ఫైలు తెరుచుకోకపోతే కాటా లేదు. కాటా లేకపోతే గేటు తీయరు. గేటు బయట హైవే పొడుగునా పత్తి ట్రాక్టర్లు. నెత్తిన కారుమబ్బు. కప్పిన పట్టాలు గట్టి వానకు ఎంతసేపు ఆగుతాయి!

"ఏమ్మాయ్, దండేస్తే అలిగిందా నీ పెట్టె?" ఓనరు చెంచురామయ్య అరిచాడు.

"చేత్తో రాసిద్దామండీ?" ఆపరేటరు జ్యోతిర్మయి అడిగింది.

"పోయినేడు రాతచీటీల మీద తలకాయలు పగలగొట్టుకున్నారు, చాల్లే. ముందు దాన్ని తెరువు!"

జ్యోతిర్మయి కీబోర్డు ముందుకు జరిగింది. ఫైళ్ళు పంచే ప్రోగ్రాము లేవనంటోంది. పోర్టు ఖాళీ లేదట.

పోర్టంటే గుమ్మంలాంటిదే మరి. ఒక గుమ్మంలో ఒకరే నిలబడాలి. ఎవరో ముందే నిలబడ్డారు.

టప్పున ఓ చినుకు కీబోర్డు మీద పడింది. పైన రేకు పగిలి ఉంది.

"ఎవరయ్యా అక్కడ? ఇది తడిస్తే ఇక ఎవరి పత్తీ లోపలికి రాదు!"

తువ్వాలు చుట్టుకున్న మనిషొకడు తొంగిచూశాడు. పరుగున పోయి ఓ పట్టా తెచ్చాడు. నిచ్చెనెక్కి రేకుల మీద పరిచి, గాలికి లేవకుండా రెండు చేతులా అదిమిపట్టాడు.

వాన విరుచుకుపడింది.

"ఇంకెంతసేపు తల్లీ?"

"కదలబోకయ్యా! మిల్లు జీతం తింటున్నావుగా, ఆ మాత్రం పట్టుకోలేవూ?"

పైన పట్టా ఇంకాస్త గట్టిగా బిగిసింది.

గుమ్మం పట్టిందెవరో వెతికింది. దొరికింది! కొత్త ప్రోగ్రాము పెట్టిన రోజున తీసెయ్యడం మరిచిన పాతది. మిషను ఆపి వేసేసరికి అదే ముందు లేచి కూర్చుంది. దాన్ని ఆపింది. మళ్ళీ లేవకుండా చేసింది. కొత్తదాన్ని లేపింది.

"తెరుచుకుందండీ!"

గేటు తీశారు. మొదటి ట్రాక్టరు కాటా ఎక్కింది. పత్తంతా ముద్దయి, నీళ్ళు కారుతున్నాయి.

"దీన్నేం చేసుకోను? తిప్పు వెనక్కి!" చెంచురామయ్య మండిపడ్డాడు. "మబ్బు కనబడలా? పట్టా కప్పుకోవాలని తెలవదూ?"

డ్రైవరు ఇంజను ఆపకుండానే అన్నాడు.

"కప్పే తెచ్చాడండీ మా యలమంద మామ. ఆ పట్టా పట్టుకునే మీ కంప్యూటరు గది మీద కూర్చున్నాడు."