చర్చి వసారాలో కాపలా

సంత చూడటానికి ఆ పాత ఇంగ్లిష్ ఊరికి వచ్చిన మ్యూరియల్‌ను, చిన్ననాటి స్నేహితురాలు డోర్కస్ రాత్రి చర్చి వసారాకు తీసుకెళ్లింది. అది సెయింట్ మార్క్ పండుగ ముందు రాత్రి. రాబోయే ఏడాదిలో చనిపోయేవాళ్ల నీడలు ఏటా ఆ రాత్రే అటుగా చర్చి లోపలికి వెళ్తాయట. కాపలా కూర్చున్నవాళ్లు కునికితే వాళ్లూ ఆ వరసలో చేరతారట.

"పోయినేడు నేను కునికాను. చూడు, గుండ్రాయిలా ఉన్నాను," అంది డోర్కస్.

"ఏడాది ఇంకా నిండలేదుగా?"

"నీ నోట్లో మన్ను పడ! నువ్వు కునికితే గిల్లి లేపుతాలేవే పిరికిదానా. ఈ వేడి యాపిల్ సారా తాగు."

మ్యూరియల్ కళ్లు తెరిచేసరికి పక్కన ఎవరూ లేరు. గుడ్లగూబ కూడా కూయడం లేదు. సమాధుల మధ్య గడ్డిమీద ఎన్నో అడుగులు మెల్లగా కదులుతున్నాయి. వాటి నడుమ నుంచి డోర్కస్ గొంతు, బేరం కుదిరినంత తేలిగ్గా వినిపించింది.

"అదిగో, నిద్రపోయింది. నా బదులు దాన్ని తీసుకెళ్లండి."