చుక్కల అంచు

నిద్ర లేచి పడసాలలోకి వచ్చిన చిక్కన్నకు, గోడ మీద తాత వేసిన బొమ్మలో రాత్రికి రాత్రి సోలార్ పలకలు మొలిచి కనిపించాయి.

“లక్ష్మీదేవీ! గోడ చూడు!”

భార్య పరుగున వచ్చింది. తెరిచిన నోరు మూయలేదు.

నిన్నటిదాకా అక్కడ ఎర్రనేల, శెనక్కాయ సాళ్లు, కొండ, కొండ పక్కన కరెంటు కంబాలు. ఇప్పుడు సాళ్లన్నీ నల్లగా, నీలంగా పలకలు.

“ఈ పొద్దే మ్యూజియం మేడమ్ వస్తాండేది!” చిక్కన్న తల పట్టుకున్నాడు.

ఇంటికి నాలుగు వైపులా కంచె. కంచె అవతల బలసముద్రం ఊరి పొలాలన్నీ పలకలే. చిక్కన్న కూడా భూమి లీజుకిచ్చాడు. ఇల్లు మాత్రం ఇవ్వనన్నాడు.

ఇప్పుడు పెద్ద కరెంటు లైను ఆ ఇంటి మీదుగానే పోవాలంటున్నారు. మద్రాసులో చదివొచ్చిన తాత నరసింహయ్య బొమ్మ కాపాడదగ్గదని మేడమ్ తేలిస్తే ఇల్లు నిలుస్తుంది. లేదంటే కూలుతుంది.

“ఇంకెవరు? ఆ మోటారు రూములో ముసలాయనే” అంది లక్ష్మీదేవమ్మ.

వారం కిందట వై.ఎన్.హొసకోట బస్సు దిగి వచ్చాడాయన. పేరు హొన్నూరప్ప అన్నాడు. ఎనభై దాటిన మనిషి. పెట్టింది తినేవాడు, పగలంతా గోడ ముందు కూర్చునేవాడు.

చిక్కన్న వెళ్లేసరికి ఆయన గోళ్లు నీలంగా ఉన్నాయి.

“ఏంది ముసలోడా ఇది?”

“బట్టల నీలిమందప్పా. దీపం మసి కలిపినా.”

“రంగు సంగతి అడగలేదు నేను! గోడ మీద యాల గీసినావు?”

“బయట అట్లే ఉండాది గదా.”

చిక్కన్న ధడేలున తలుపు మూసి తాళం వేశాడు.

“మేడమ్ పోయేదాకా ఈడే పడుండు!”

మోటారు రూము పక్క తొట్లో గోనెసంచి తడుపుకుని ఇంట్లోకి వచ్చాడు. “నిన్నటి రంగు. పైపైనే ఉంటాది.”

మోటారు రూము రేకు తలుపు దబదబలాడింది.

“నీళ్లు వద్దప్పా! అంతా తుమ్మబంక రంగు, కరిగిపోతాది! వద్దు!”

“అరవనీలే, వానికేం పని” అన్నాడు చిక్కన్న.

పలకల నడుమ ఒక చిన్న ఇల్లు. వాకిట్లో గోరంత మనిషి. మొదట దాన్నే తుడిచాడు.

నీలం కారింది. వెనకే ఎరుపు కారింది. చిక్కన్న గట్టిగా రుద్దాడు. కొండ జారింది.

“ఆపయ్యా! ఆపు!”

ఆపేసరికి నేలంతా ఎర్రటి మడుగు.

బయట కారు ఆగింది.

మేడమ్ పేరు సింధుశ్రీ, పావగడ పిల్లే. బెంగళూరు మ్యూజియంలో కొలువు. లోపలికి వచ్చి, భుజాన సంచి దించడం కూడా మరిచి నిలబడిపోయింది.

“ఎవరు కడిగినారన్నా?”

“నేనే మేడమ్. ఎవడో పిచ్చోడు గీకిపోతే...”

ఎరుపు పోయినచోట, అడుగు నుంచి ఒక పచ్చటి చెరువు తొంగిచూస్తోంది. దాని మీద మేఘం, గట్టున చెట్ల నీడలు.

“ఇది నూనె రంగు. అందుకే నీళ్లకు పోలేదు” అంది సింధుశ్రీ. “మద్రాసులో దొరల దగ్గర నేర్చిన పని. ఇది మీ తాతదే.”

“అయితే ఇల్లు నిలుస్తాది!”

“నిలవదన్నా. ఇట్లాంటి చెరువులు ఆ కాలంలో అందరూ వేసినారు. ఇంటిని నిలబెట్టేది ఆ ఎర్రనేలే.”

పైన గోనె అందని మూల, జానెడు ఎరుపు మిగిలింది. ఆమె దానికేసి చేయి చూపింది.

“చూడండి. నీడలు లేవు. అంచు పొడుగునా చుక్కలు, తోలుబొమ్మకు చిల్లులు పొడిచినట్ల. ముసలితనంలో ఆయన గీత ఉన్నట్టుండి ఇట్లా మారిపోయింది. ఎవరిని చూసి మారిందో, అది కనుక్కుందామనే వచ్చినా.”

చిక్కన్నకు ఆశ పుట్టింది.

“ఆ కంబాలకూ చుక్కలుండె మేడమ్! మా తాత అన్నీ ముందే చూసినాడు. ఊరికి కరెంటు నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడు వచ్చింది!”

“తాత ఎప్పుడు పోయినాడు?”

“మా నాయన పెండ్లికి ముందే.”

లక్ష్మీదేవమ్మ మొగుడి వైపు వింతగా చూసింది.

“చచ్చిపోయినాయన కంబాలు యాడ చూసినాడయ్యా?”

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు.

సింధుశ్రీ వంగి గోడ అడుగున చూసింది. గోనె నుంచి తప్పించుకున్న పలక ఒక్కటే మిగిలింది. దాని నాలుగంచులా చుక్కలు.

“అన్నా, ఆ పిచ్చోడు యాడుండాడు?”

చిక్కన్న మోటారు రూము వైపు నడిచాడు. బొడ్లోంచి తాళంచెవి తీశాడు.

తలుపు తెరిస్తే రేకుల వేడి మొహాన కొట్టింది. హొన్నూరప్ప నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చిక్కన్న మొహం చూడలేదు. ఎర్రగా, నీలంగా తడిసిన అతని చేతులు చూశాడు.

“గీసింది నేనే తల్లీ” అన్నాడు సింధుశ్రీతో. “మా నాయన తోలుబొమ్మలాడిస్తా ఈ ఊరికొస్తే, నరసింహయ్య సామి నన్ను రంగులు నూరను పెట్టుకున్నాడు. చేయి వణుకు పట్టినంక ఆయన కూచోని చెప్తాండె, నేను గీస్తాంటి. నేల మారితే గోడ మార్చురా, గోడ మీద అబద్ధం ఉండగూడదు అని చెప్పి పోయినాడు. ఎర్రనేల నేనే. ఊరికి కరెంటొచ్చినంక తిరిగొచ్చి గీసిన కంబాలు నేనే. పలకలూ నేనే. వాటి మధ్యలో ఈ ఇల్లొక్కటి నిలిచినట్ల గీసి, వాకిట్లో నిన్నే నిలబెట్టినా చిక్కన్నా.”