నవ్వకూడని ఫోటో

వీసా ఫోటోలో పళ్ళు కనిపించకూడదు. ఊరందరినీ ఆ మాటతో హడలగొట్టిన ఫోటోగ్రాఫరు, తొలి విదేశీ ప్రయాణానికని ఇవాళ తనే స్టూలెక్కి కూర్చుని నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. కెమెరా వెనక భార్య.

"పెదాలు కలపండి మహానుభావా!"

"కలుపుతున్నానే! అవే విడిపోతున్నాయి."

పదకొండు ఫోటోలు తీస్తే పదకొండింటిలోనూ ముప్పై రెండు పళ్ళూ హాజరు.

ఆమె తాపీగా, "ఏవండీ, ఎప్పుడో తీయించుకున్న మన పాస్‌పోర్టులకి, వీసాకి కావలసిన ఆర్నెల్ల గడువు ఇంకా ఉందో లేదో చూశారా?" అంది.

ఆయన మొహం కొయ్యబారింది. క్లిక్!

నవ్వేవాళ్ళ మీద ముప్పయ్యేళ్ళుగా ఆయన ప్రయోగించే కిటుకే అది.

"అమ్మ దొంగా! నా మీదేనా!" అన్నాడాయన. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

కళ్ళు తుడుచుకుంటూ ఆయన, "ఇంతకీ గడువుందా?" అన్నాడు.

"మీరు చూడలేదా?"

ఆ క్షణాన ఇద్దరి మొహాలూ వీసా ఫోటోకి అచ్చంగా సరిపోయాయి.