పల్లెకు ఒక్కడు తక్కువ

“నువ్వు చేసే పనేందో నువ్వే చెప్పయ్యా! సారు నా మాట రాసుకోల్యా!”

ఫోన్లో పెళ్లాం వెంకటేశ్వరి కేకకి, కువైట్‌లో వఫ్రా తోటలో ఉన్న నాగరాజు కాలరు సర్దుకున్నాడు. వీడియో కాల్. తెర మీద అన్నమయ్య జిల్లాలోని వాళ్ల ఊరి సచివాలయం వరండా కనిపిస్తోంది. ఊరికి ఊరే అక్కడుంది. మధ్యలో కుర్చీ వేసుకుని సర్వే సారు.

నాగరాజు ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తనని పనికి పిలిపించుకున్న కఫీల్ గెస్ట్‌హౌస్ తెల్లగోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతని కువైట్‌లో ఊరివాళ్లు చూసింది ఆ చొక్కా, ఆ గోడ మాత్రమే. ఊళ్లో అతను కంపెనీ సూపర్‌వైజరు. ఇక్కడ గొర్రెల కాపరి. గల్ఫుకి పోయి గొర్రెలు కాస్తున్నానని ఇంటికి చెప్పుకున్న మగాడు ఆ ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు. షెడ్డులో తోడు పనిచేసే వాళ్ల ఊరి ప్రతాప్‌దీ ఇదే రోగం. అందుకే ఒకడు ఫోన్లో ఉంటే రెండోవాడు కెమెరాకి దొరక్కుండా పక్కకి తప్పుకుంటాడు. అది వాళ్లిద్దరి ఒప్పందం.

“చూడండి నాగరాజు గారూ,” అన్నాడు సర్వే సారు. “జనాభాలోనూ, ఇళ్ల లెక్కలోనూ మీ ఊరు పల్లె హద్దు దాటేసింది. ఇక మిగిలింది మగవాళ్ల పని. ముప్పాతిక మంది సేద్యం, పశువులు కాకుండా వేరే పనుల్లో ఉంటే ఊరు టౌను కిందికి పోతుంది. ఏ దేశంలో ఉన్నా సరే, ఇల్లు నడిపేవాడి పని రాయమన్నారు. మీరేం చేస్తారు?”

“టౌనైతే మంచిదే గదా సార్?”

“ఏం మంచిదయ్యా!” వెంకటేశ్వరి అందుకుంది. “బిడ్డకు నవోదయ పరీక్ష దగ్గరికొచ్చె. టౌనైతే పల్లె బిడ్డలకని పెట్టిన సీట్లలో దానికి లెక్కుండదంట. రేయనక పగలనక చదువుతాంది!”

తల్లి కొంగు పట్టుకుని జ్యోతిలక్ష్మి తెరలోకి తొంగి చూసింది. ఆ పిల్ల చేతిలో పరీక్ష పుస్తకం తెరిచే ఉంది. అదే నాగరాజుని ఎక్కువ భయపెట్టింది.

“సేద్యమే సార్,” అన్నాడు గబగబా. “తోటలో పని. రాసుకోండి.”

వరండా అంతా గొల్లున నవ్వింది. జనాన్ని తోసుకుంటూ రామాంజులు ముందుకొచ్చాడు. రోడ్డు పక్క చేనంతా ప్లాట్లుగా గీసి, ఊరు ఎప్పుడు టౌనవుతుందా అని కాచుకుని కూర్చున్న మనిషి.

“అబద్ధం సార్! బిడ్డ సీటు కోసరం చెప్తాండాడు. ఈయప్ప పెద్ద కంపెనీలో సూపర్‌వైజరు, ఊరంతా ఎరుగు. మా కొడుకు మాదిరే ఏసీలో కూర్చోనుంటాడు. మావోడు ఆ కువైట్లోనే సాల్మియాలో అకౌంటెంటు. రాసినారు గదా సార్?”

“రాశానండీ.”

నాగరాజుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అబద్ధం చెబితే నెత్తిన పెట్టుకున్న ఊరు, నిజం చెబితే పళ్లికిలిస్తోంది.

“రుజువు చూపిస్తే సేద్యమని రాస్తాను. లేదంటే సూపర్‌వైజరే,” అని సారు పెన్ను ఎత్తాడు.

నాగరాజు పక్కకి చూశాడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ప్రతాప్ కొయ్యబారిపోయి ఉన్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, రేకుల చాటుకి నక్కాడు. ఊరు నవ్వితే నవ్వనీ, వెంకటేశ్వరి ముఖం ఎలా చూడాలి? పెళ్లిళ్లలో ‘సూపర్‌వైజరు పెండ్లామొచ్చె’ అని ఆమెకి ముందు వరసలో కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ తన చేతులతో తనే లాగేస్తున్నట్టనిపించింది.

కళ్లు గట్టిగా మూసుకుని ఫోన్ తిప్పాడు. గొర్రెలు, నీళ్ల తొట్టి, పెంట కుప్ప, రేకుల షెడ్డు, అందులో అతని మంచం.

“ఇవి కఫీల్ గొర్రెలు సార్. నేను కాపరిని. వచ్చిన్నాటి నుంచీ ఇదే పని. సూపర్‌వైజరనేది అబద్ధం.”

కళ్లు మూసుకునే ఉన్నాడు. సిగ్నల్ పోతే బాగుండనుకున్నాడు. అంతలో వెంకటేశ్వరి గొంతు వినిపించింది. వణుకుతూనే ఉంది, కానీ ఊరంతటికీ వినిపించేలా ఉంది.

“విన్నారు గదా సార్? మా ఇంటాయన గొర్రెలు కాస్తాడు. రాసుకోండి.”

సారు రాసుకున్నాడు. కూడాడు. మళ్లీ కూడాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

“ఏమనుకోకండమ్మా. ఇంకొక్కరు తక్కువ. ఒక్కరంటే ఒక్కరు సేద్యం, పశువుల లెక్కలో ఉండుంటే మీది పల్లెగానే మిగిలేది. రాయాల్సిన ఇల్లు ఇంకోటి కూడా లేదు.”

నాగరాజు గోడ వెంటే జారి కూలబడ్డాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో అతనికి ఆ క్షణంలో తెలిసింది. పరువూ పాయె, బిడ్డ సీటూ పాయె. తెరలో జ్యోతిలక్ష్మి కళ్లు తుడుచుకుంటోంది.

రామాంజులు సంతోషం పట్టలేక మీసం దువ్వుకుని జనం వైపు తిరిగాడు.

“ఒక్కడేనంటబ్బా తక్కువ! ఇంగెవురన్నా ఉండారా కువైట్లో గొర్లు కాసేవోళ్లు? ఉంటే చెప్పండి, సిగ్గుపడాకండి!”

రేకుల చాటు నుంచి గడ్డిమోపు దబ్బున కిందపడిన చప్పుడైంది. ప్రతాప్ వచ్చి నాగరాజు చేతిలోంచి ఫోన్ తీసుకుని, తన ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాడు.

“నేనుండా, నాయనా!”